రాస్ ఐలాండ్‌లో మా జేజి

పోయిన నెల చిన్నాయన సంవత్సరీకానికి ఊరికి పోయాం. భోజనాలయ్యాక చిన్నమ్మ ఆయన పెట్టె తెరిచి, ఎవరికి ఏం కావాలో తీసుకోమంది. అండమాన్‌లో ఉద్యోగం చేసేటప్పుడు పడాక్ చెక్కతో చేయించుకున్న పెట్టె అది. మూత లేపగానే ఆ ఎర్రచెక్క వాసన, దానిమీద కలరా ఉండల వాసన కలిసి గుప్పుమన్నాయి. పంచెల అడుగున ఒక నలుపు తెలుపు ఫొటో దొరికింది. కొంగు తలమీదికి లాక్కుని, ఎండకు కళ్లు చికిలించి, పొట్టి సిమెంటు గోడ పక్కన మా జేజి, అంటే నాయనమ్మ, నిలబడి ఉంది. పక్కన నిక్కర్లో నేను.

"ఇదెక్కడ మామయ్యా?" అని మా కోడలు అడిగితే, నేనూ చిన్నాయన కొడుకూ ఒకేసారి "రాస్ ఐలాండ్" అన్నాం. అండమాన్‌లో పోర్ట్‌బ్లెయిర్‌కు ఎదురుగా ఉండే చిన్న దీవి అది. ఆ సాయంత్రమంతా అవే మాటలు. అక్కడ అనుకున్నవి కొన్ని, ఇంటికొచ్చాక గుర్తుకొచ్చినవి కొన్ని రాస్తున్నా.

* * *

ముందు జేజి యుద్ధం గురించి చెప్పాలి, లేకపోతే ఆ ఫొటో అర్థం కాదు.

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దారి. ఇందుకూరుపేట దాటినాక రోడ్డు వదిలి లోపలికి పోవాలి. ఊరికీ సముద్రానికీ మధ్యలో బకింగ్‌హాం కాలవ. ఇప్పుడది చూస్తే అందులో పడవలు తిరిగాయంటే పిల్లలు నమ్మరు. 1965, 66లో వరసగా వచ్చిన తుపాన్లకు కాలవ బాగా దెబ్బతినిందని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. నా చిన్నతనానికే రాకపోకలు తగ్గిపోయాయి. అయినా ఉప్పు బస్తాలతోనో సరుగుడు కట్టెలతోనో అప్పుడొకటి అప్పుడొకటి వచ్చేది. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు. లేకపోతే గట్టుమీద మనుషులు తాడు భుజాన వేసుకుని, ముందుకు వంగి లాగేవాళ్లు. పడవ కనపడకముందే వాళ్ల కేకలు వినపడేవి. ఆ కేక వినగానే బడిలో మా అయ్యవారు పాఠం ఆపేసేవారు, ఎందుకంటే ఇక ఎవరూ వినరని ఆయనకు తెలుసు.

పడవ పోతుంటే జేజి వాకిట్లోంచి చూసి ఒకటే మాట అనేది: "నేను మెడ్రాసు నుంచి దీంట్లోనే వచ్చినా, మీ చిన్నాయన్ని ఒళ్లో పెట్టుకుని."

తాతకు చింతాద్రిపేటలో చిన్న భోజన హోటలుండేది. నెల్లూరు వైపు నుంచి మెడ్రాసు పోయి హోటలు పెట్టినవాళ్లు ఆ రోజుల్లో చాలామందే. జేజి అక్కడే కాపురం. నాయన కాస్త పెద్దవాడు, చిన్నాయన నెలల పిల్లాడు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులేశాయి. ఇక తర్వాతి వంతు మెడ్రాసుదేనని పుకారు. పనిలేని వాళ్లు ఊరు ఖాళీ చేసి పొమ్మని సర్కారే చెప్పింది. ఆఫీసులను లోపలి ఊళ్లకు తరలించారు. సెంట్రల్ స్టేషన్లో కాలు పెట్టే సందు లేదంట. బాంబు పడి బోన్లు పగిలితే పులులూ సింహాలూ ఊరిమీద పడతాయని, మూర్ మార్కెట్ దగ్గరున్న జూలో వాటిని తుపాకులతో కాల్చేశారు. ఆ కాల్పులు తన చెవులతో విన్నానని జేజి చెప్పేది. నిజంగా వినిందో, విన్నవాళ్లు చెప్పింది వినిందో నాకు తెలియదు గానీ, చెప్పేటప్పుడు మాత్రం ప్రతిసారీ చెవులు మూసుకునేది.

రైల్లో చోటు దొరక్క తాత ఇంకో దారి చూశాడు. శ్రీహరికోట అడవుల నుంచి సరుగుడు కట్టెలు మెడ్రాసుకు పడవల్లో వచ్చేవి. అప్పటికి అక్కడ రాకెట్లూ లేవు, గేటూ లేదు. కట్టెలు దించి ఖాళీగా తిరిగిపోయే పడవలో జేజినీ పిల్లల్నీ ఎక్కించి, పైన మావైపు పోయే ఇంకో పడవకు మాట్లాడిపెట్టాడు. తను మాత్రం హోటలు వదిలి రానన్నాడు. "పొయ్యి ఆర్పితే మళ్లీ అంటుకోదు" అన్నాడంట. జేజి ఆ మాట చచ్చేదాకా మర్చిపోలేదు, క్షమించనూ లేదు.

ఆ పడవ ప్రయాణం మా ఇంట్లో భాగవతంలా నడిచేది. ఎన్నూరు, పులికాట్, దుగరాజపట్నం, కృష్ణపట్నం అని ఊర్ల పేర్లు జేజి వరసగా చెప్పేది. అక్షరం ముక్క రాని మనిషి, ఆ వరస మాత్రం ఎప్పుడూ తప్పలేదు. రాత్రిళ్లు లాంతరు వెలిగించనివ్వలేదు. చంటిపిల్లాడు ఏడిస్తే "అమ్మా, వాడి నోరు ముయ్యి, సముద్రం మీద జపానోళ్లకు వినపడుద్ది" అని పడవవాడు కసిరేవాడు. పులికాట్ నీళ్లలో చీకట్లో ఒక్కసారిగా కొంగల గుంపు లేస్తే, ఆ రెక్కల మోతకు విమానాలే వచ్చాయనుకుని అందరూ పడవలో బోర్లా పడుకున్నారు. కింద మిగిలిన కట్టెపేళ్లు గుచ్చుకుని నాయన మోకాలికి గాయమైంది. ఆ మచ్చ మాకు చూపించేవాడు.

ఊరు చేరాక ఏమైంది? ఏమీ కాలేదు. మెడ్రాసు మీద పెద్దగా బాంబులు పడలేదు. మా తీరానికి ఎవరూ దిగలేదు. బర్మా జపాన్ చేతిలో పడ్డాక బర్మా బియ్యం రావడం ఆగిపోయింది, ధరలు పెరిగాయి, కిరసనాయిలు దొరక్క ఆముదం దీపాలు పెట్టారు. మొలగొలుకుల బియ్యం పండే మా నెల్లూర్లో కూడా జొన్న సంగటి తిన్నామని జేజి చెప్పేది. జపానోణ్ణి ఆమె కంటితో చూసింది లేదు. సాయంత్రమైతే ఆడవాళ్లంతా కాలవ గట్టెక్కి సముద్రం దిక్కు చూసేవాళ్లంట. అంతే, అదే యుద్ధం. మా కాలానికి అది ఇంకా చిన్నదైపోయి, అన్నం తినకపోతే "జపానోడొస్తాడు" అని బెదిరించే మాటగా మిగిలింది.

* * *

ఆ ఒళ్లో పిల్లాడు పెద్దవాడై, ఓవర్సీర్ కోర్సు చదివి, పోర్ట్‌బ్లెయిర్‌లో సర్కారు ఉద్యోగానికి పోయాడు. ఆర్డరు వచ్చిన రోజు జేజి ఏడ్చింది. "అండమానా? ఏం తప్పు చేసినాడని?" అని పక్కింటావిడ అడిగిందంట, అమాయకంగానే.

కొన్నేళ్లకు, నేను హైస్కూల్లో ఉన్నప్పుడు, వేసవి సెలవులకు నాయన జేజినీ నన్నూ తీసుకుని బయల్దేరాడు. మెడ్రాసు హార్బర్లో హర్షవర్ధన అనే ఓడ. మాది అడుగున బంక్ క్లాసు. వరసలు వరసలుగా ఇనప మంచాలు, తలకు తగిలేంత దగ్గరగా ఫ్యాన్లు, డీజిలు వాసన, ఫినాయిల్ వాసన. ఓడ హార్బరు దాటగానే సగంమంది వాంతులు. నాయన మంచం దిగలేదు. జేజికి మాత్రం ఏమీ కాలేదు. ఓడవాళ్లు పెట్టే పప్పూ చపాతీ ముట్టకుండా, తను తెచ్చుకున్న పులిహోర, అది అయిపోయాక అటుకుల్లో మాగాయ కలుపుకుని తింటూ కూర్చుంది. పక్క మంచాలవాళ్లకూ పెట్టింది. దిగేనాటికి ఆ బంకులో అందరూ ఆమెను జేజి అనే పిలుస్తున్నారు, బెంగాలీ వాళ్లతో సహా. పైన డెక్కు మీద నిలబడితే నీళ్లలోంచి చేపలు లేచి, కొంతదూరం ఎగిరి, మళ్లీ పడేవి. జేజికి చూపిస్తే "కూరకు పనికొస్తాయా?" అని అడిగింది.

పోర్ట్‌బ్లెయిర్‌లో చిన్నాయన అద్దెకున్నది ఒక ముసలాయన ఇంట్లో. రేకుల కప్పు, చెక్క గోడలు. ఆయన్ని అక్కడ లోకల్ బార్న్ అంటారు. ఎప్పుడో శిక్షపడి వచ్చినవాళ్లు అక్కడే ఉండిపోతే, వాళ్ల పిల్లలు, మనవలు అన్నమాట. ఏ ఊరివాళ్లని అడిగితే ఆయనకు సరిగ్గా తెలియదు. హిందీ మాట్లాడేవాడు. తెలుగు వినాలంటే జంగ్లీఘాట్ వైపు పోవాలి. శ్రీకాకుళం, విశాఖ నుంచి వచ్చిన జాలర్లు అక్కడ ఉండేవాళ్లు. జేజి ఒక రోజు వాళ్ల దగ్గర చేపలు కొనుక్కొచ్చి మన పద్ధతిలో మామిడికాయ వేసి పులుసు పెట్టింది. వాళ్ల తెలుగు ఆమెకు సగం అర్థం కాలేదు, ఆమెది వాళ్లకూ అంతే. బేరం మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

శనివారం మధ్యాహ్నం నుంచి చిన్నాయనకు సెలవు. సెల్యులర్ జైలు చూపించాడు. ఏడు రెక్కల్లో మిగిలినవి మూడే. అక్కడ నాయన ఎంతోసేపు ఉన్నాడు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ భయంకరాచారి ఇక్కడే ఉన్నాడని, ఆ పేరు నాకు రెండుసార్లు పలికించాడు. జేజి ఒక గదిలోకి తొంగిచూసి బయటికొచ్చి కూర్చుంది, ఇక చూడనంది. అక్కణ్ణుంచి కార్బిన్స్ కోవ్ బీచికి పోతే, రోడ్డు పక్కనే సముద్రానికి ఎదురుగా సిమెంటు గూళ్లు కనిపించాయి. ఏందివని అడిగింది. జపానోళ్లు కట్టిన బంకర్లు అన్నాడు చిన్నాయన.

"జపానోళ్లు ఈడికి వచ్చినారా?"

చిన్నాయన ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్లుగా ఉత్తరాలు రాస్తున్నాడుగానీ, ఆ సంగతి రాయాలని ఆయనకు తోచలేదు. వచ్చారమా, మూడున్నరేళ్లు ఇక్కడే ఉన్నారు అని చెప్పాడు.

ఆ రాత్రి జేజి ఆ ముసలాయన్ని వదల్లేదు. వసారాలో ఆయన, మెట్లమీద జేజి, మధ్యలో చిన్నాయన ఒకరి మాట ఇంకొకరికి చెప్పడానికి. 1942 మార్చి 23న తెల్లవారేసరికి జపాన్ సైన్యం దిగింది. బ్రిటిష్ పటాలం అప్పటికే ఓడలెక్కి వెళ్లిపోయింది కాబట్టి ఎదిరించినవాళ్లు లేరు. మొదట్లో సైనికులు కోళ్ల కోసం ఇళ్లలో దూరారు. జుల్ఫికర్ అలీ అనే కుర్రాడు కడుపు మండి ఎయిర్‌గన్ పేల్చాడు. వాణ్ణి అప్పగించేదాకా ఇళ్లు తగలబెట్టి, ఆనక అందరి ముందూ చిత్రహింస పెట్టి కాల్చేశారు. మేజర్ బర్డ్ అనే ఇంగ్లీషు అధికారిని జనం చూస్తుండగా తల నరికారు. తర్వాత ఎవర్ని చూసినా గూఢచారి అనేవాళ్లు. దివాన్ సింగ్ అనే డాక్టరును ఆ జైల్లోనే నెలల తరబడి హింసించి చంపారు. చివరి రోజుల్లో తిండి లేక చిలగడదుంపలతో బతికారు.

"కోళ్ల కోసమా!" అని జేజి మధ్యలో ఒకసారి అనింది. మిగతాదంతా నోరెత్తకుండా వినింది.

తర్వాత ఆయన, అప్పుడు మీరెక్కడున్నారమ్మా అని అడిగాడు. జేజి తన పడవ కథ మొదలుపెట్టింది. ఎన్నూరు, పులికాట్, దుగరాజపట్నం. చిన్నాయన తన చంటితనం కథను తనే హిందీలోకి మార్చి చెబుతూ నవ్వుతున్నాడు. ముసలాయన నవ్వలేదు. మొత్తం విని, "మీకు పారిపోయేదానికి ఊరుంది. మాకు ఇదే ఊరు" అన్నాడు. చిన్నాయన ఆ మాట తెలుగులో చెప్పాక జేజి లేచి లోపలికి పోయి, డబ్బాలో మిగిలిన అరిసెలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆ వయసులో నాకు ఇదంతా ఎక్కలేదు. ఆ అరిసెలు నాకని దాచినవి, అదొక్కటే నా బాధ.

* * *

మరుసటి రోజు ఆదివారం రాస్ ఐలాండ్.

పోర్ట్‌బ్లెయిర్ ఒడ్డున నిలబడితే ఎదురుగా కనపడుతుంది. దూరం ఎంతో ఉండదు. ఆ దీవి నేవీ చేతికి వచ్చిన కొత్త. చిన్నాయన ఎవరితోనో మాట్లాడి పడవలో చోటు సంపాదించాడు. దిగగానే రిజిస్టర్లో సంతకం పెట్టాలి, పొద్దుగూకే లోపల దీవి ఖాళీ చేయాలి. జేజి వేలిముద్ర వేసింది.

1858లో ఖైదీల చేత అడవి కొట్టించి ఈ దీవిని తెల్లవాళ్లు తమ రాజధాని చేసుకున్నారు. ఎదురుగా జైలు పెట్టి ఇక్కడ క్లబ్బు, చర్చి, బేకరీ, ప్రింటింగ్ ప్రెస్సు, టెన్నిస్ కోర్టు, ఈతకొలను. దీవిలో మంచినీళ్లు సరిపోక నీళ్లు మరిగించి పట్టే ప్లాంటు కూడా పెట్టుకున్నారు. తూర్పు దేశాల ప్యారిస్ అని మురిసిపోయేవాళ్లంట. 1941 జూన్‌లో భూకంపం వచ్చి దెబ్బ కొట్టింది, తొమ్మిది నెలలు తిరక్కుండానే జపాన్ సైన్యం వచ్చింది. మేం పోయేనాటికి అన్నీ మొండిగోడలే. ఆ గోడలను మర్రి జాతి చెట్ల వేర్లు పైనుంచి కిందిదాకా పట్టుకుని ఉన్నాయి. చాలాచోట్ల వేరు ఊడబెరికితే గోడ పడిపోతుంది, గోడ తీసేస్తే చెట్టు పడిపోతుంది, అట్టా ఉంది పరిస్థితి. ఎటు చూసినా జింకలు. తెల్లవాళ్లు వేటకని తెచ్చి వదిలినవి, వాళ్లు పోయినా ఇవి ఉన్నాయి. జేజి చేతిలోని మరమరాల పొట్లం చూసి ఒకటి వెంటపడింది.

చర్చి దగ్గర చిన్నాయన కిటికీ చట్రాలు చూపించి, బర్మా టేకు అన్నాడు. "బియ్యం బర్మావి, కిటికీలు బర్మావి. ఆ దేశంలో వాళ్లకేమన్నా మిగిల్చినారా?" అనింది జేజి. స్మశానంలో నాయన సమాధుల మీది ఇంగ్లీషు చదివి, ఈ పిల్లకు ఇన్ని నెలలు అని చెబుతుంటే ఆపమనింది. తెల్లవాళ్లయితే ఏంలే, పసిబిడ్డ గదా అని ఒక సమాధి మీది ఆకులు చేత్తో ఊడ్చింది.

పడవలు ఆగే చోటికి దగ్గర్లోనే ఉంది, ఫొటోలో గోడ కనపడే ఆ జపాన్ బంకర్. నేను పెద్ద కోటను ఊహించుకున్నా. తీరా చూస్తే నేలకు అతుక్కుపోయిన సిమెంటు గది, ముందువైపు అడ్డంగా సన్నటి సందు. తెల్లవాళ్ల ఇళ్లు పడగొట్టి ఆ సామానుతోనే జపాన్ వాళ్లు ఇట్టాంటివి కట్టుకున్నారని చిన్నాయన చెప్పాడు. జేజి చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి సందులోంచి లోపలికి చూసింది.

"మన గడ్డివామంత లేదే. దీనికారా నేను నిన్నెత్తుకుని పరిగెత్తింది?"

చిన్నాయన నవ్వాడు. జేజి మళ్లీ వంగింది. "ఇది యా దిక్కు చూస్తా ఉంది?"

"సముద్రం దిక్కు."

"మన దిక్కా?"

"కాదమా. మనది అటు" అని వెనక పోర్ట్‌బ్లెయిర్ కొండల వైపు చూపించాడు. "ఓడలు ఇటునుంచి రావాల. బ్రిటిషోళ్లు మళ్లీ వస్తారని కాపలా."

"అయితే వీళ్లు కూడా సముద్రం చూసి భయపడతానే కూర్చున్నారా?"

చిన్నాయన ఏమీ అనలేదు. జేజి కాసేపు ఆ సందు పక్కనే నిలబడి, తర్వాత తిట్ల దండకం ఎత్తుకుంది. నెల్లూరు తిట్లు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు ఇక్కడ రాయలేను. జపానోళ్లతో మొదలై, తెల్లోళ్లను దాటి, హోటలు వదిలి రానన్న మా తాత దగ్గరికి వచ్చి ఆగింది. పక్కనున్న నేవీ జవాను అరవ అబ్బాయి. సగం అర్థమైందేమో, మొహం అటు తిప్పుకుని నవ్వుకుంటున్నాడు. నేను లోపలికి దూరితే, పాములుంటాయి బయటికి రమ్మని ఆ తిట్లలో నాకూ ఒకటి పడింది. అప్పుడే నాయన ఎవరి దగ్గరో అరువు తెచ్చిన కెమెరాతో ఫొటో తీశాడు.

1943 డిసెంబరు చివర్లో నేతాజీ వచ్చినప్పుడు ఈ దీవిలోనే, చీఫ్ కమిషనర్ బంగళాలో దిగాడని చిన్నాయన చెప్పాడు. 30వ తేదీన అవతల ఊర్లో జెండా ఎగరేశాడు. ఊరి జనం పడుతున్న బాధలు ఆయన దాకా పోకుండా జపాన్ వాళ్లు చూసుకున్నారు. సరిగ్గా నెలకు హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులని కాల్చి చంపారు. నాయనకు నేతాజీ అంటే ప్రాణం. ఆ బంగళా మెట్ల దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఈ 44 మంది మాట వినగానే మళ్లీ చెప్పులేసుకుని దిగి వచ్చేశాడు, ఆ సాయంత్రం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

* * *

ఊరికొచ్చాక జేజి కథ పెరిగింది. బంకర్ ప్రతి సంక్రాంతికీ కాస్త ఎత్తయ్యేది. చివరికి అందులో జపానోడి టోపీ కూడా చూశానని చెప్పడం మొదలుపెట్టింది. మేం ఎవరం కాదనలేదు. అయితే ఆ తర్వాత పిల్లల్ని జపానోడి పేరు చెప్పి బెదిరించడం మానేసింది. పూచోడొస్తాడు అనేది.

2004లో సునామీ వచ్చినప్పుడు మా వైపు మైపాడులోనూ నీళ్లు లోపలికొచ్చాయి, కాలవ కొంత ఆపింది. అప్పటికి చిన్నాయన రిటైరై ఊర్లోనే ఉన్నా, కొడుకు మాత్రం పోర్ట్‌బ్లెయిర్‌లో. ఫోన్లు కలవక చిన్నమ్మ అన్నం మానేసింది. చివరికి కలిశాక వాడు చెప్పింది, రాస్ ఐలాండ్ అలను ముందు తన మీదికి తీసుకుంది, లేకపోతే ఊరికి ఇంకా నష్టం జరిగేదని అక్కడివాళ్లు అనుకుంటున్నారని. జేజి అప్పటికి లేదు. ఉంటే ఆ దీవిని ఇంకోరకంగా చూసేదేమో.

2018 డిసెంబరు చివర్లో రాస్ ఐలాండ్‌కు నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవి అని పేరు పెట్టారు. టీవీలో చూసి చిన్నాయన నాకు ఫోన్ చేశాడు.

"మంచిదే గదా చిన్నాయనా" అన్నా.

"మంచిదే. ఆయన ఆడ రెండు మూడు రోజులుంటే దీవికి పేరు పెట్టినారు. మీ జేజి గంటసేపు నిలబడి తిట్టింది, రోంత ఆ బంకర్‌కన్నా పెట్టొద్దా?" అని నవ్వాడు. ఆనక కోతమిషన్ అద్దె ఎంత పెంచారో చెప్పి ఫోన్ పెట్టేశాడు.